పెద్ద డోలు పక్కన

సెలవురోజు ఊరేగింపు చూడ్డానికి ఊరంతా సముద్రపు గట్టు మీద కూర్చుంటుంది, ఆమె మాత్రం నడుస్తుంది. ఒక చేత్తో చెప్పులు, ఇంకో చేత్తో నీళ్ళ సీసా పట్టుకుని, బ్యాండువాళ్ళ పక్కనే రోడ్డు అంచున వెళ్తుంది. పెద్ద డోలు దెబ్బ ఆగితే వెనకున్న వాళ్ళందరి అడుగులూ తప్పుతాయి, అందుకని అది వాయించేవాడికి చెయ్యి ఖాళీ ఉండదు. చేపల మార్కెట్టు మలుపులో ఆమె ఎదురెళ్ళి, వెనక్కి వెనక్కి నడుస్తూ, డోలు వాయించే మొగుడి నోట్లో నీళ్ళు పోసేది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఏటా అదే పని. మొన్న చలికాలంలో ఆయన పోయాడు. అయినా ఈసారీ సీసా నింపుకునే వచ్చింది.

"ఇంకా ఎవరికి వదినా ఆ నీళ్ళు? ఇలా వచ్చి కూర్చో, నలుగురూ చూస్తున్నారు," అని ఆడపడుచు గట్టు మీంచి పిలిచింది.

"చూడనీ, వాళ్ళొచ్చింది చూడ్డానికేగా. డోలు మోసేవాడికి దాహం వెయ్యదా ఏంటి?" అంది ఆమె, నడక ఆపకుండా.

ఈ ఏడు డోలు ఎత్తుకున్నది ఐసు ఫ్యాక్టరీ గుమాస్తా. మలుపు దగ్గరికొచ్చేసరికి మొహం కందిపోయి, పెదాలు తడుపుకుంటున్నాడు. ఆమె ఎదురెళ్ళి సీసా ఎత్తింది. అతను మొహమాటంగా అటూ ఇటూ చూసి, దెబ్బ తప్పకుండానే నోరు తెరిచాడు. నీళ్ళు వెళ్ళి టోపీ మీద పడ్డాయి.

"కొంచెం కిందికి, అక్కా," అన్నాడు కళ్ళు చికిలిస్తూ.

ఆమె మొగుడు ఇతనికంటే జానెడు పొడుగు. చెయ్యి అలవాటు కొద్దీ ఆ ఎత్తుకే లేచింది. దాన్ని దించి, సీసా ఖాళీ అయ్యేదాకా పోసింది.