బాగోలేదన్న బెరిల్

మా స్కెల్‌బెక్ జనానికి ఒక పద్ధతుంది. ఎంత ఘోరం జరిగినా సరే, మొహం మీద "చాలా బాగుందండీ" అంటారు. హేజల్ విట్టమ్ అని ఒకావిడ ఉంది. పళ్ళ డాక్టరు పుచ్చిపోయినదాన్ని వదిలేసి పక్కనున్న మంచి పన్ను పీకేస్తే, నోట్లో దూది కుక్కుకునే "ఎంత బాగా పీకారండీ" అని చెప్పొచ్చింది. పుచ్చుపన్ను పీకించుకోడానికి మాత్రం ఇంకో ఊరెళ్ళింది. అదన్నమాట మా మర్యాద. ఎదురుగా మెచ్చుకోవడం, మళ్ళీ ఆ గుమ్మం తొక్కకపోవడం.

ఇలాంటి ఊళ్ళో బెరిల్ సగ్డెన్ ఎలా పుట్టిందో నాకిప్పటికీ అర్థం కాదు.

బెరిల్ బస్సు నడిపేది. కొండమీద బీడు దారిలో, మంచులో, గొర్రెలు రోడ్డుకడ్డంగా పడుకుని బోర్డు మీటింగు పెట్టుకునే చోట. కొత్తల్లో ఒక పెద్దాయన "ఆడమనిషి నడిపే బస్సా!" అని దిగిపోతానని లేచాడట. బెరిల్ తలుపు తెరిచి పెట్టింది. "దిగండి సార్. వానొస్తోంది, కాళ్ళు చూసుకుని నడవండి" అంది. ఆయన కూర్చున్నాడు. ఆ తర్వాత బెరిల్ రిటైరయ్యేదాకా ఆవిడ వెనకసీట్లోనే కూర్చున్నాడు.

మొగుడు స్టాన్లీ పోయినప్పుడు చర్చిలో పాస్టరుగారు "సౌమ్యుడు, నిజాయితీపరుడు" అని మొదలెట్టాడు. ముందు బెంచీలోంచి బెరిల్ లేచింది. "డామినోల్లో దొంగాట ఆడేవాడు. గురకపెడితే పక్కింటి కుక్క మొరిగేది. అయినా నాకు వాడే కావాలి" అని కూర్చుంది. చర్చంతా పాటల పుస్తకాల వెనక మొహాలు దాచేసుకుంది.

స్టాన్లీ పోయాక ఆవిడకి మిగిలింది గురువారం. గురువారం మా సంత. సంత అయ్యాక బ్లూ జగ్ టీ రూములో కిటికీ పక్క టేబులు, ఎదురుగా హేజల్, మధ్యలో వేడి పోకుండా ఊలు టోపీ పెట్టుకున్న టీ కుండ. చిన్నప్పట్నుంచీ స్నేహితులు వాళ్ళు. బెరిల్ మాట్లాడుతుంది, హేజల్ తలూపుతుంది. "ఇంట్లో రేడియోతో కూడా మాట్లాడతాను కానీ అది తలూపదు కదరా" అనేది నాతో. నా సైకిళ్ళ కొట్టు సరిగ్గా ఎదురే. అందుకే ఈ కథంతా నా కళ్ళముందే నడిచింది.

పాత ఓనరు మోకాళ్ళ నెప్పులతో సముద్రం ఒడ్డుకి వెళ్ళిపోయి, దేశంలో దక్షిణం వైపు నుంచి ఫిలిప్పా అని ఒకమ్మాయి వచ్చి బ్లూ జగ్ కొనుక్కుంది. మంచిపిల్లే. కానీ గోడలకి తడి సిమెంటు రంగేసింది. ఊలు టోపీలు అటకెక్కించింది. రైలింజనంత కాఫీ మిషను తెచ్చి, స్టవ్వు మీది కెటిలు తీయించేసింది. ఇక టీకి కూడా నీళ్ళు ఆ మిషను కొళాయిలోంచే. కాగీ కాగని నీళ్ళు. ఆ టీ పోస్తే కప్పు అడుగున వేసిన గులాబీపువ్వు రేకులతో సహా కనపడేది.

అందరూ తాగారు. అందరూ "చాలా బాగుందండీ" అన్నారు. సగం వదిలేసి వెళ్ళారు. వచ్చేవారం సగంమందే వచ్చారు.

ఆ గురువారం ఫిలిప్పా నవ్వుతూ టేబులు దగ్గరికొచ్చి "అంతా బాగుందాండీ?" అంది.

"అద్భుతం" అంది హేజల్.

"బాగోలేదమ్మాయ్" అంది బెరిల్.

టీ రూములో చెంచాలన్నీ ఆగిపోయాయి.

"అంటే... ఏం బాగోలేదండీ?"

"టీ. నీళ్ళు మరగలేదు. ఇది టీ కాదు, టీ ఈ దారినే వెళ్ళిందని గుర్తు. నా బస్సు రేడియేటర్లో నీళ్ళకి దీనికంటే రంగుండేది."

పక్క టేబుల్లో ఎవరికో పొలమారింది. ఫిలిప్పా మెడ దగ్గర్నుంచి ఎర్రబడింది. "మిసెస్ సగ్డెన్ గారూ, పదిమందిలో నా పరువు తీశారు. సారీ చెప్పండి. లేదంటే దయచేసి ఇంక ఇక్కడికి రాకండి."

"అడిగిందెవరు, నువ్వా నేనా? సారీ చెప్పాల్సింది ఈ టీ. దాన్నడుగు" అని బెరిల్ కోటు తొడుక్కుని బయటికొచ్చేసింది.

హేజల్ రాలేదు. కప్పులో ఇంకా టీ ఉంది, మధ్యలో వదిలేసి లేస్తే మర్యాద కాదని చివరి చుక్కదాకా తాగి, "చాలా బాగుందండీ" అని మరోసారి చెప్పి మరీ వచ్చింది. అప్పటికి బెరిల్ నా కొట్లో సైకిలు టైరుని కాలితో తన్నుతోంది.

"చూశావట్రా? కూర్చుంది! తాగుతూ కూర్చుంది!"

"మీరొక్క సారీ చెప్పేస్తే పోయేది కదా" అన్నాను, ఊరికే కెలుకుదామని.

"నా కుర్చీలో నేను కూర్చుంటాను. సారీ చెప్పను. రెండూ జరుగుతాయి, చూస్తూ ఉండు."

తర్వాతి గురువారం సరిగ్గా టీ వేళకి బ్లూ జగ్ కిటికీ ఎదురుగా పేవ్‌మెంటు మీద మడత టేబులు వెలిసింది. దానిమీద కుట్టుపువ్వుల గుడ్డ. నా కొట్లోంచి పట్టుకెళ్ళిన చిన్న గ్యాసుపొయ్యి మీద కెటిలు ఈలేస్తోంది. టీ కుండకి పసుప్పచ్చ ఊలు టోపీ. ఒక డబ్బాలో తను ఇంట్లో కాల్చుకొచ్చిన స్కోన్ బన్నులు. తలకి టోపీ, చేతికి గ్లవ్సులు, మహారాణిలా కూర్చుంది. అద్దానికి అటు లోపల కూర్చున్నవాళ్ళకి ఆవిడ కప్పులోంచి లేచే పొగ కనిపిస్తోంది. వాళ్ళ కప్పుల్లో పొగ లేదు.

కానిస్టేబుల్ వచ్చాడు. "బెరిల్, ఇక్కడ వ్యాపారం చేయకూడదు."

"ఎవడు చేస్తున్నాడు? పిక్నిక్కొచ్చాను. కూర్చో, తాగు. డబ్బులొద్దు, కానీ ఎలా ఉందో నిజం చెప్పాలి."

అతను తాగాడు. అటూ ఇటూ చూశాడు. "కొంచెం... ఘాటుగా ఉంది."

"హమ్మయ్య! ఈ ఊళ్ళో ఒక్కడికైనా నాలుకుంది" అని ఆవిడ ఎంత మురిసిపోయిందంటే రెండో కప్పు కూడా పోసింది. ఆ ఉత్సాహంలో నేను అట్టముక్క మీద "ఇక్కడ నిజం చెప్పినవాళ్ళకే టీ" అని రాసి టేబులు కాలికి వేలాడదీశాను. దాంతో జనం ఆగడం మొదలెట్టారు. కసాయి కొట్టాయన పాలు ఎక్కువయ్యాయన్నాడు. పోస్టమ్మాయి కప్పు అంచు పగిలిందంది. వాళ్ళకి నిజం చెప్పడం కొత్త కదా, చెప్పాక చెవులదాకా ఎర్రబడి, ఏదో దొంగతనం చేసినట్టు కిసుక్కున నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళు.

లోపల మాత్రం హేజల్ ఒక్కతే కిటికీ టేబులు దగ్గర కూర్చుని ఆ గులాబీపువ్వు నీళ్ళు తాగేది. మానేస్తే ఫిలిప్పా బాధపడుతుందని. బయటికి చూస్తే బెరిల్ బాధపడుతుందని మెనూకార్డు అడ్డం పెట్టుకునేది. బెరిల్ అటు చూడనట్టు చూసేది. ఎవరు టీ తాగి పొగిడినా, తిట్టినా, ఆవిడ చూపు ఆ మెనూకార్డు మీదే.

మూడో గురువారం వాన. మా వానంటే పైనుంచి పడేది కాదు, పక్కనుంచి కొట్టేది. బెరిల్ గొడుగొక చేత్తో, కప్పొక చేత్తో కూర్చుంది. నేను పొయ్యి ఆరిపోకుండా అట్టపెట్టె పట్టుకుని నిలబడ్డాను. "లోపలికి రండి, నా కొట్లో కూర్చుందాం" అంటే, "ఇవాళ లేస్తే ఓడిపోయానంటారు" అంది. పళ్ళు టకటకలాడుతున్నాయి.

బ్లూ జగ్ తలుపు తెరుచుకుంది. హేజల్ వచ్చింది. కోటు కూడా లేదు. తిన్నగా వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏమే, తడిసిపోతావు" అంది బెరిల్.

"బన్నివ్వు" అంది హేజల్.

ఇచ్చింది. కొరికింది. నమిలింది. చాలాసేపు నమిలింది.

"చెప్పనా?"

"చెప్పు."

"ఇటుకలే బెరిల్. నీ పెళ్ళైనప్పట్నుంచీ ఇటుకలే. ప్రతి క్రిస్మస్‌కీ రెండు డబ్బాలిస్తావు. నా దొడ్లో గోడ పగిలినచోట అవే కుక్కాను."

నేను అట్టపెట్టె అడ్డం పెట్టుకుని నవ్వాపుకున్నాను. బెరిల్ ఆ బన్ను లాక్కుని ఒక కాకికి విసిరింది. కాకి దాన్ని ఒకసారి పొడిచి, గోడెక్కి కూర్చుంది.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేమే?"

"నువ్వడిగితేగా! నీ నోరు ఖాళీ ఉంటేగా!"

ఆ మాటన్నాక హేజల్‌కి ఏదో పూనింది. గిరుక్కున తిరిగి మళ్ళీ లోపలికెళ్ళింది. తలుపు వేయలేదు, అందుకని వీధంతా వింది. "ఫిలిప్పా, మీ టీ దారుణం. మొదట్నుంచీ దారుణం. ఆవిడ ఒక్కతే నిజం చెప్పింది, ఆవిణ్ణే గెంటేశారు. మేమంతా బాగుందని చెప్పి పారిపోతున్నాం."

కాసేపటికి ఫిలిప్పా బయటికొచ్చింది. కళ్ళు వాచున్నాయి. "అందరూ బాగుందంటారు, మళ్ళీ రారు. రోజూ రాత్రి కూర్చుని ఎందుకో అని జుట్టు పీక్కుంటున్నాను. మిసెస్ సగ్డెన్ గారూ, సారీ వద్దు, ఏం వద్దు. లోపలికి రండి."

నేను టేబులు మడవబోయాను. బెరిల్ నా చేతిమీద ఒక్కటేసింది.

"ఆగరా. నిజం చెప్పానని నన్ను గెంటింది. రమ్మనాలంటే ముందు తనూ ఓ నిజం చెప్పాలి, జాలిపడితే కాదు. కూర్చో అమ్మాయ్. ముందు నా టీ తాగు."

ఫిలిప్పా తడి స్టూలు మీద కూర్చుంది. నల్లటి టీ గుటకేసింది. మొహం ఆముదం తాగినట్టయింది. అలవాటు ఎక్కడికి పోతుంది, "చాలా బాగుందండీ" అంది.

"లే" అంది బెరిల్. "నా టేబులు దగ్గర్నుంచి లే. ఇక్కడికి ఇంక రాకు."

ఫిలిప్పా లేవలేదు. వాన చుక్కలు ముక్కు చివర్నుంచి కప్పులోకి పడుతున్నాయి. ఆ పిల్లలో కూడా ఏదో తెగింది. "తారు! రోడ్డుకేసే తారులా ఉంది! పాలేశారో లేదో కూడా తెలీట్లేదు. ఇది తాగి మనుషులెలా బతుకుతారు మీ ఊళ్ళో?" అని అరిచింది.

బెరిల్ గొడుగు మూసింది. పొయ్యి ఆర్పింది. పొగలు కక్కుతున్న కెటిలు పట్టుకుని లేచింది.

"పద, ఇప్పుడు వస్తాను" అంది. "ముందు ఆ మిషన్ని పక్కకి జరుపు. దీన్ని పెట్టుకోడానికి చోటు కావాలి."