తపస్సు కాలంలో తిన్న గుడ్డు

“అది మిరప దగ్గు కాదే అన్నమ్మా. నెల్లాళ్ల నుంచీ చూస్తన్నా.”

“కల్లంలో కూచుంటే దగ్గు రాక పాటలొస్తాయా వదినా? నీకు రావట్లా?”

“నాకు తొడిమలు తీసినంతసేపే. ఇంటికాడ ఆగిపోద్ది. నీకు అన్నం ముందర కూచున్నా ఆగట్లా.”

“నా దగ్గు కాదు, నీ చేతిలో కాయలు చూసుకో. మంచి కాయల్లో తాలు కాయలు కలుపుతున్నావు.”

ఆ వదిన శౌరమ్మ, నా భర్తకు అక్క. చిన్నతనంలోనే భర్త పోయి మా ఇంట్లోనే ఉండేది. మా ఇద్దరికీ ఏనాడూ పడలేదు. సాగర్ ఆనకట్ట పనికి నా భర్త మాచర్ల వైపు వెళ్లి పక్షానికోసారి వచ్చేవాడు. నరసరావుపేటకు బండి దూరంలో ఉన్న మా ఊళ్లో మిరప కోతలప్పుడు దగ్గని మనిషి ఉండడు. అందుకని ఎవరి దగ్గునూ ఎవరూ పట్టించుకోరు. నేనూ పట్టించుకోలేదు. ఆ సాయంత్రం కాయల బుట్ట ఎత్తలేక దించేశాను, ఒళ్లు వెచ్చగా ఉంది. చెబితే వదిన గెలిచినట్టవుతుందని చెప్పలేదు.

తరవాత రోజూ సాయంత్రం జ్వరం వచ్చేది. రవికెలు వదులైతే కుట్లు వేసుకుని తొడిగాను. చివరికి నా భర్త వచ్చినప్పుడు వదినే విషయం బయటపెట్టింది. రైలెక్కించి గుంటూరు తీసుకెళ్లారు. ఎక్స్‌రే తీశారు. కఫం పరీక్షలో పాజిటివ్ వచ్చింది.

డాక్టరుగారు మెత్తగా మాట్లాడే మనిషి కాదు. “టి.బి. అమ్మా. ఎడమ లంగ్‌లో కావిటీ ఉంది, గుంట పడింది. స్ట్రెప్టోమైసిన్ సూది, ఐ.ఎన్.హెచ్. మాత్రలు. ఏడాదిన్నర వాడాలి. గుడ్లు, పాలు, మాంసం తినాలి. జ్వరం తగ్గిందని మానేశావా, ఈసారి నిన్ను మోసుకు రావాల్సి వస్తుంది.”

“పనికెప్పుడు పోవచ్చయ్యా?”

“ముందు బతుకు. చంటిబిడ్డ ఉందా ఇంట్లో?”

మా అమ్మాయి, మూడేళ్ల తెరేజ ఉంది. బిడ్డను దగ్గరకు రానివ్వొద్దన్నాడు. ఆనాటి నుంచి తెరేజ శౌరమ్మ పక్కలో పడుకుంది. నేను పంచలో మంచం మీద పడుకుని వాళ్లిద్దరినీ చూస్తూ ఉండేదాన్ని. ఆ జబ్బులో నన్ను కాల్చిన బాధ అదే. సూది బాధ ఒక బాధ కాదు.

పలకరించడానికి వచ్చినవాళ్ల సంగతి కూడా రాస్తాను. ఒకామె, గురువు ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఏదో దాచి ఉంటానని, అందుకే ఈ జబ్బని అంది. ఇంకొకామె వాకిట్లోనే నిలబడి జపమాల చెప్పి, కాఫీ తాగి వెళ్లింది. మా బిందె అందుకుని నీళ్లు తెచ్చిపెట్టినవాళ్లు ఒక్కరూ లేరు.

ఈస్టరుకు ముందు తపస్సు కాలం మొదలయ్యే విభూతి బుధవారం వచ్చింది. మా ఇంట్లో అత్తగారి నాటి నుంచీ నలభై రోజులూ నీసు ముట్టరు. నేను గుడ్డు మానేశాను. ఒంటిపూట తిన్నాను. ఖాళీ కడుపులో మాత్రలు మంట పుట్టించాయి, వాటినీ మానేశాను. పారేయడానికి మాత్రం చేయి రాక చింతపండు జాడీ వెనక కాగితంలో చుట్టి దాచాను. సూదికి మాత్రం మఠం సిస్టర్లు నడిపే డిస్పెన్సరీకి వెళ్లేదాన్ని. ప్రతి శుక్రవారం గుడికి నడిచి, యేసు శ్రమల పటాల ముందు మోకరిస్తూ సిలువ మార్గం చేశాను. దేవుడి మీద భారం వేశానని అనుకున్నాను.

యేసు సిలువ మీద పోయిన పెద్ద శుక్రవారం నాడు గుడిలోనే దగ్గు తెర వచ్చింది. కొంగు నిండా రక్తం. పక్కనున్నవాళ్లు లేచి దూరంగా జరిగారు. మా గుడిని చూసుకునే విచారణ గురువులు వచ్చి నన్ను వరండాలో కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించారు. ఉపవాసంలో ఉన్నానని చెప్పాను, మెచ్చుకుంటారనుకుని.

“పోపుగారితో సహా తిరుసభలో ఎవరూ రోగికి ఉపవాసం పెట్టలేదు. నీకెవరు పెట్టారు?”

“నేనే పెట్టుకున్నా ఫాదర్.”

“అయితే తిరుసభ కన్నా నువ్వు పెద్దదానివన్నమాట. ఇంటికెళ్లి అన్నం తిను.”

నాకు మండిపోయింది. ఇంటికి వచ్చేసరికి శౌరమ్మ పెరట్లో నా దుప్పట్లు ఉడకేస్తోంది. రాతి మీద మాత్రల పొట్లం విప్పి పెట్టి ఉంది. చింతపండు కోసం జాడీ జరిపిందట.

“ఏందే ఇది?”

“దేవుడి కోసం మానుకున్నా. సిలువ మార్గానికి ఒక్కనాడు రానిదానివి, నన్నడుగుతావా?”

“నేనొస్తే నీ గుడ్డలు ఎవురు ఉడకేస్తారే? నువ్వు గుళ్లో తిరుగు, నేను బావికాడికి తిరుగుతా. ఎవురి మోకాళ్లు ముందరగా అరుగుతయ్యో ఆయనే చూస్తాడు. దేవుడి కోసమైతే జాడీ ఎనక దాచటం ఎందుకు? ఆయనకు కనపడదనా?”

“పారేస్తే దండగని దాచా.”

“చచ్చినాక మింగుదామనా? చావు. తెరేజ అప్పుడే నన్ను అమ్మా అంటంది. నేనేం నేర్పలా. నువ్వు పోతే చానా తేలిగ్గా మర్చిపోద్ది.”

ఆమె కర్రతో దుప్పట్లు తిప్పుతూనే ఉంది.

ఆ తరవాత ఏడాదిన్నర ఒక్క పూట తప్పకుండా మందు వాడాను. చివరి ఎక్స్‌రే చూసి డాక్టరుగారు, “మచ్చ ఉంటుంది, జబ్బు లేదు. పోయి పని చేసుకో” అన్నారు. బాగయ్యాక మొదట బావికే వెళ్లాను. అక్కడ వదిన బొక్కెన చేదినప్పుడల్లా మరియమ్మకు చెప్పే మంగళవార్త జపం ఒకటి చెప్పుకోవడం విన్నాను. బొక్కెన పైకొచ్చేసరికి జపం అయిపోయేది. నా జబ్బు రోజుల్లో ఎన్ని బొక్కెనలు చేదిందో! నేను నమ్మింది దేవుణ్ణి కాదు, నా మొండితనాన్ని. ఆమె నమ్మి నీళ్లు తోడింది. ఈ మాట ఆమె బతికుండగా చెప్పలేదు. చెబితే నెత్తికెక్కేది.

ఇప్పుడు తెరేజ పిల్లలు నా చేత తిట్లు తింటున్నారు. వంట నేనే చేస్తాను, నీళ్లు పడుతూ జపం చెప్పుకుంటాను. నేను చదివింది రెండో తరగతి, కనుక ఒక్క సలహాతో సరిపెడతాను. మాత్రలు మీ దగ్గర పెట్టుకోకండి. ఇంకొకరి చేతిలో పెట్టి, వాళ్లు చూస్తుండగా మింగండి. మీకు పడని మనిషైతే మరీ మంచిది, మొహమాటపడరు.

ఆ పెద్ద శుక్రవారం గొడవ తరవాత మరునాటి సంగతి చెప్పి ఆపుతాను. తెల్లవారగానే శౌరమ్మ ఉడికిన గుడ్డు, మాత్రలు ఒక గిన్నెలో తెచ్చి నా మంచం పక్కన పెట్టింది. నేను పెంకు ఒలిచి గుడ్డు తిన్నాను. ఈస్టరు పండగకు ఇంకా ఒక రోజుంది. మాత్రలు మింగాను. ఆమె నా నోరు తెరిపించి నాలుక కింద కూడా చూసి, కూలికి వెళ్లిపోయింది. తెరేజ గుమ్మంలో నిలబడి, “గుడ్డు అంతా తిన్నావా?” అని అడిగింది. తిన్నానన్నాను. పెంకులు నలిపి వంగమొక్క మొదట్లో వేసి, సూదికి బయలుదేరాను.