దసరా తర్వాత వచ్చే ఫ్రిజ్

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఎవరికైనా జీతం తక్కువగానూ జ్ఞానం ఎక్కువగానూ ఉంటుంది. నా సంగతైతే మరీ అన్యాయం. ఎనిమిదేళ్ళ కిందట, ఇరవై మూడేళ్ళ వయసులో, టీవీలూ ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ తయారుచేసే ఒక కంపెనీకి నేను నంద్యాల ప్రాంతపు సేల్స్ రిప్రజెంటేటివ్‌ని. నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి, వెలుగోడు అంతా నా సామ్రాజ్యమే. (ఆ సామ్రాజ్యాన్ని పల్లెవెలుగు బస్సులో నిలబడి ఏలేవాణ్ణి, అది వేరే మాట.) జనవరిలో చేరాను. ఆరు నెలల్లో దుకాణాల వాళ్ళ చేత సరుకు కొనిపిస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే బ్యాగు అప్పజెప్పి ఇంటికి. మా నాయన అప్పటికే వీధంతా తిరిగి "మావోడు కంపెనీ సారయినాడు" అని చెప్పేశాడు కాబట్టి, ఇంటికి పోయే దారి నాకు మూసుకుపోయినట్టే.

రోజూ పొద్దున ఏడింటికి మా కంపెనీ గ్రూపులో 'పరిశ్రమ వార్తలు, కొత్త పోకడలు' అని చాంతాడంత మెసేజ్ ఒకటి వచ్చేది. ఏ దేశంలో టీవీ ఎంత పలచబడింది, ఏ ఫ్రిజ్ మనుషులతో మాట్లాడుతోంది, వచ్చే ఏడాది జనం దేనికోసం ఎగబడతారు, అన్నీ అందులో ఉండేవి. తక్కిన రిప్రజెంటేటివ్‌లు బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టేసి టిఫినుకు పోయేవాళ్ళు. నేను మాత్రం చివరి అక్షరం దాకా చదివి, బస్సులో కళ్ళు మూసుకుని వల్లెవేసి, దుకాణం గడప తొక్కగానే అప్పజెప్పేవాణ్ణి. మొదట్లో గౌరవం బాగానే దక్కింది. "రాప్పా, కుచ్చో. ఏందీ వార్తలు?" అని టీ తెప్పించేవాళ్ళు. వెనకాల నన్ను 'వార్తలప్ప' అంటున్నారని తెలిసి పొంగిపోయాను కూడా. (అందులోని వెటకారం తలకెక్కడానికి నెలలు పట్టింది.)

ఆళ్ళగడ్డలో నా ముఖ్యమైన డీలరుని అందరూ భాయ్ అనేవాళ్ళు. వాళ్ళ నాన్న రేడియోలు బాగుచేసిన చిన్న కొట్టునే పెంచి షోరూం చేసుకున్న మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఒకరోజు నేను ఆయన దగ్గరున్నప్పుడు చాగలమర్రి నుంచి ఒక కుటుంబం ఆటో మాట్లాడుకుని టీవీ కోసం దిగింది. పెద్దాయన, ఆయన భార్య, ముగ్గురు మనవళ్ళు మనవరాళ్ళు, సంచిలో కొబ్బరికాయ, డబ్బా కట్టుకోవడానికి తాడు. బేరం కుదిరింది, భాయ్ బిల్లు పుస్తకం తెరిచాడు. అంతలో నా నోరు ఊరుకుందా? "పెద్దాయనా, దసరా తర్వాత కొత్త టీవీ విడుదలవుతుంది. అప్పడమంత పలచన. రిమోట్ అక్కర్లేదు, నోటితో చెబితే చాలు" అన్నాను. (కంపెనీ సారుని కదా, 'వస్తాం' అనడానికి 'వచ్చాం' అనే మా సీమ మాట మానేసి, ఆ రోజుల్లో పుస్తకాల తెలుగే మాట్లాడేవాణ్ణి.) పెద్దాయన టీవీని చూశాడు, నన్ను చూశాడు, భార్యను చూశాడు. "అట్లయితే దసరా అయినాకే వచ్చాంలే భాయ్. ఈ పాతది తీసుకోని ఏం చేసుకుంటాం?" అని లేచాడు. అట్టపెట్టె కూడా విప్పని టీవీ నా ఒక్క మాటతో పాతదైపోయింది. తాడూ కొబ్బరికాయా పిల్లలూ మళ్ళీ ఆటో ఎక్కారు. భాయ్ పెన్నుకు మూత పెట్టుకున్నాడు.

మే నెల వచ్చేసరికి నా ఆర్డర్లు పూర్తిగా ఎండిపోయాయి. నంద్యాలలో ఏ కొట్టుకు పోయినా ఒకటే పాట. "నువ్వే కదప్పా చెప్పింది, దసరాకు కొత్తవి వచ్చాండాయని? ఉండేటివి అమ్ముకోనీ, మల్ల చూద్దాం." ఆగమని నేను ఎవరికీ చెప్పలేదు, వస్తుందని మాత్రమే చెప్పాను. ఆ తేడా నాకు తప్ప ఎవరికీ తెలిసినట్టు లేదు. ఇంతలో కర్నూలు నుంచి మా మేనేజరు ఫోన్ చేసి, సోమవారం నంద్యాల వస్తున్నాననీ, ఆళ్ళగడ్డ ఆర్డర్ లేకపోతే బ్యాగు వెంట తెచ్చుకోమనీ చల్లగా చెప్పాడు. పడుతూ లేస్తూ భాయ్ దగ్గరికి పోయాను. "భాయ్, ఈ ఒక్కసారి ఆర్డర్ పెట్టు. లేకుంటే నా ఉద్యోగం పోతాది" అన్నాను. పుస్తకాల తెలుగు ఎటు పోయిందో నాకే తెలియదు.

"పెట్టను" అన్నాడు భాయ్. నా మొహం చూసి కాస్త మెత్తబడ్డాడేమో, "రేపు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ స్టూలు మీన కుచ్చో. గమ్మునుండు. నోరు తెరిచినావంటే నేనే బస్సెక్కిచ్చేస్తా. అప్పుడు చూద్దాం" అన్నాడు.

టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా నేను అంత బాధపడలేదు. జనం వస్తున్నారు, అడుగుతున్నారు, నా దగ్గర బుట్టెడు సమాచారం ఉంది, నోరు మాత్రం విప్పకూడదు. ఒక రైతు ఫ్రిజ్ తలుపు పదిసార్లు తీసి పదిసార్లు మూసి, "కరెంటు వచ్చా పోతా ఉంటాదే, తట్టుకుంటాదా?" అన్నాడు. ఒకావిడ నేల మీద కూర్చుని, వాషింగ్ మెషీన్ కిందికి చీపురు దూరుతుందో లేదో చూసింది. ఇంకొకాయన అడిగింది ఒక్కటే: "చెడిపోతే ఎవురొచ్చారు? నువ్వా, ఇంగెవురన్నానా?" అప్పడమంత పలచన టీవీని గురించి పొద్దు వాలేదాకా ఒక్క మనిషీ అడగలేదు. రెండుసార్లు నా నోరు తెరుచుకుంది. భాయ్ తలతిప్పి బస్టాండు వైపు చూశాడు. మూసుకున్నాను.

సాయంత్రం బస్టాండు దగ్గర దోసెల బండి నడిపే అక్క వచ్చింది. "భాయ్, ఆ కొత్త ఫ్రిజ్జు ఇంగా బేగా రాదా? దసరా దాకా నాతో కాదు" అంది. అంతలో స్టూలు మీద నన్ను చూసింది. "ఈ సామే కదా మార్చిలో చెప్పింది! లోపల ఏముండాదో ఫోన్లో చూపిచ్చాదంట. ఇంత మంచిది వచ్చాంటే ఆగుదాంలే అనుకుంటి. ఎండకు పిండి మద్దేనానికే పులిసిపోతాండాది. సగం పారబోస్తాండా. సాయంత్రం బండి పెట్టేదే మానుకుంటి."

నాకు తల కొట్టేసినట్టయింది. అంతవరకూ నా వాగుడు వల్ల చెడింది నా ఉద్యోగం ఒక్కటే అనుకుంటున్నాను. దోసె తింటూ ఊసుపోక రెండు నిమిషాలు చెప్పిన ముచ్చటకు ఒక మనిషి ఎండాకాలమంతా పిండి పారబోసుకుంది. సిగ్గేసింది. భాయ్ వంక చూస్తే, చెప్పమన్నట్టు తలాడించాడు.

"అక్కా, దసరాకు వచ్చేది వచ్చాది. ఉగాదికి దాన్ని మించింది ఇంగోటి వచ్చాది. దానికి అంతుండదు. పిండి నీ పక్కనే ఉంటాంటే ఫోన్లో చూసే పనేముండాది? ఈడ ఉండేది నీకు చాలు. తప్పు నాదే" అన్నాను.

"ఈ మాట మార్చిలోనే చెప్పింటే నీ సొమ్మేం పోయేది సామీ?" అంది అక్క.

భాయ్ నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి. అక్క విసవిసా పోయి పిండి గిన్నె తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి చూసింది. పట్టలేదు. నేను మధ్య అర ఒకటి ఊడదీస్తే పట్టింది. అప్పుడు కొన్నది. ఆటో దాకా ఒక పక్క నేనే మోశాను. తిరిగొచ్చేసరికి భాయ్ ఆర్డర్ రాసి పెట్టాడు. అన్నీ అక్క కొన్నదానిలాంటి మామూలు ఫ్రిజ్‌లే, ఒక్కటీ మాట్లాడదు.

సోమవారం మేనేజరు అందరినీ కూర్చోబెట్టి "మార్కెట్ పోకడ ఏమిటి?" అని అడిగాడు. నా వంతు రాగానే లేచి, "ఆళ్ళగడ్డలో పిండి పులుస్తోంది సార్. పెద్ద గిన్నె పట్టే ఫ్రిజ్ కావాలి" అన్నాను. గది గొల్లుమంది. మేనేజరు మాత్రం నవ్వకుండా "గిన్నె ఎంతుంటుంది?" అని అడిగి రాసుకున్నాడు. ఉద్యోగం వెంటనే ఖాయం కాలేదు, ఇంకో మూడు నెలలు గడువిచ్చారు. (మా నాయన దాన్నే ప్రమోషన్ అని వీధిలో చెప్పుకున్నాడు. నేను ఖండించలేదు.)

ఇప్పుడు ఆ మేనేజరు పని నాది. మొన్న ఆళ్ళగడ్డ పోతే అక్క బండి కాస్తా నాలుగు బల్లల హోటలై ఉంది. దోసె వడ్డిస్తూ, "సామీ, ఇంగో ఫ్రిజ్జు తీసుకోవాల. ఇప్పుడే తీసుకునేదా, ఆగేదా? నువ్వు ఎట్ల చెప్తే అట్ల" అంది. నా మాట నమ్మి ఒక వేసవి నష్టపోయిన మనిషి మళ్ళీ నా మాట కోసమే నిలబడి ఉంది. నిజం చెప్పొద్దూ, వచ్చే నెలలో ఒక అద్భుతమైన ఫ్రిజ్ రాబోతోంది, దాని గురించి నాలుక దురదపెట్టింది కూడా. ఆ మాటను దోసె ముక్కతో సహా మింగేసి, "పిండి ఎంత రుబ్బుతాండావక్కా ఇప్పుడు?" అని అడిగాను. ఆ ఇరవై మూడేళ్ళ కుర్రాడు పక్కనుంటే ఈపాటికి అరగంట ఉపన్యాసం ఇచ్చేవాడు. రేపు రాబోయేదాన్ని తలుచుకుని వాడు పడినంత సంబరం నేనిప్పుడు పడలేను, అదొక్కటే కాస్త బెంగ. అక్క చేతులు చాపి గిన్నె కొలత చూపిస్తోంది. నేను జేబులోంచి పెన్ను తీశాను.