ముట్టకు బిడ్డా!

ఆ రోజుల్లో నాకు చదువు రాదు, చదువు రాదన్న చింత కూడా లేదు. బస్సు ఏ ఊరికి పోతదో కండక్టర్‌ను అడుగుతుంటి, మందు సీసా మీద ఏం రాసున్నదో మందుల దుకాణమాయనను అడుగుతుంటి. గోడల మీద రాసినవైతే ఎవ్వలనూ అడుగకుండ నేనే ఊహించుకుంటుంటి. తప్పని చెప్పేటోళ్లు లేకుంటే ఊహించుకున్నదే నిజమైతది గదా. మాది మేడిపల్లి దిక్కు. ఊహ తెలిసిన కాడి నుంచి ఒళ్లె చాట పెట్టుకొని బీడీలు చేసిన చేతులు నావి. అట్లాంటి నాకు మా మేనమామ ఎవ్వలనో బతిమాలి జగిత్యాలల ఒక చిన్న మ్యూజియంల కొలువు ఇప్పించిండు. ఊడ్చుడు, తుడుచుడు, మిగిలిన టైంల కాపలా. వీటన్నిటికంటే పెద్ద సంగతి, నాకు కూసునేందుకు కుర్చీ ఇచ్చిండ్రు. (ప్లాస్టిక్ కుర్చీయే, ఒక కాలు కొద్దిగ వంకర. అయినా అది నాది.) మొదటి రోజు ఇంటికి పోయి జీతం సంగతి మరిచిపోయి కుర్చీ సంగతే చెప్పిన.

మ్యూజియం అంటే పెద్దదేం కాదు. ఒక పాత బంగ్లాల పొడుగాటి హాలు. అద్దాల పెట్టెలల్ల పాత పైసలు, గోడకు తుప్పు పట్టిన కత్తులు, ముక్కులు విరిగిన రాతి విగ్రహాలు, మూలకు సిరిసిల్ల నుంచి తెచ్చిన పాత మగ్గం. దీనంతటికి ఒక సార్. ఆయన కళ్లద్దాలు నెత్తి మీద పెట్టుకొని హాలంత వెతుకుతుండె, అందుకే నా లెక్కల ఆయన కళ్లద్దాల సార్. నేను చేరిన నాడే గోడకు ఒక పెద్ద బోర్డు ఉంటే, దాని ముందట నా కుర్చీ వేయించి, "చూడమ్మా, నీ పని ఒక్కటే. ఎవ్వలు ఏ వస్తువును ముట్టుకోవద్దు" అన్నడు. వీపు వెనక బోర్డు, చెవుల సార్ మాట. బోర్డు మీద కూడా అదే రాసి ఉంటదన్నదాంట్ల నాకు ఇంత కూడా అనుమానం రాలేదు.

ఇగ ఆనాటి నుంచి హాలుల నా గొంతే వినవడ్డది. ఎవ్వలన్న మగ్గం దిక్కు చెయ్యి సాపితే చాలు, "ముట్టకు బిడ్డా!" అని ఒర్రుతుంటి. బడిపిల్లలు ఉలిక్కిపడి ఒకల మీద ఒకలు పడుతుండ్రి. పెద్దోళ్లకు కోపమొస్తే నేను కుర్చీల నుంచి లేవకుండనే బొటనవేలు వెనకకు చూపి, "నా మాట ఎందుకు? సదువుకున్నోళ్లే గద, గా బోర్డు సదువుకోండ్రి!" అంటుంటి. వాళ్లు బోర్డును చూసి, నన్ను చూసి, మళ్ల బోర్డును చూసి, మూతి బిగబట్టుకొని పక్కకు పోతుండ్రి. సిగ్గుపడ్డరు పాపం అనుకుంటుంటి.

రాను రాను వచ్చేటోళ్లు తగ్గిండ్రు. (అంతా నా గొంతు వల్లనే అని నేను ఒప్పుకోను, ఎండలు కూడా ఎక్కువున్నయి.) ఒకనాడు పై ఆఫీసు నుంచి మాట వచ్చింది. మనుషులు రాని హాలు ఎందుకు, వస్తువులన్నీ వేరే ఊరికి పంపి దీన్ని గోదాం చేద్దమని. కళ్లద్దాల సార్ అన్నం డబ్బ విప్పి, తినకుండనే మూత పెట్టిండు. నాకైతే కండ్ల ముందట మళ్ల బీడీల చాట కనవడ్డది.

కొన్ని రోజులకు సార్ ఉషారుగ వచ్చి, "ఇగో, మన హాలుల చదరంగం పోటీ పెడుతున్న" అన్నడు.

"గీ విగ్రహాల నడుమనా సార్?"

"అవు. ఆడెటోళ్లు వస్తరు, వాళ్ల వెంబడి ఇంటోళ్లు వస్తరు. ఆట ఒడిసేదాక ఉత్తగ కూసోలేక చుట్టూ తిరిగి చూస్తరు. బహుమతులు ఇయ్యనీకి గా పెద్ద ఆఫీసర్‌నే పిలిచిన. హాలు నిండ మనుషులను చూస్తే గోదాం మాట మరుస్తడు. కని, ఒక్క లొల్లి గూడ కావద్దు. ఆ ఒక్క రోజు నీ నోటికి తాళం."

"నేనేమన్న లొల్లి చేసేదాన్నా సార్?" అన్న. సార్ ఏమో అనబోయి కళ్లద్దాలు వెతుక్కున్నడు.

పోటీ నాడు కోరుట్ల, సిరిసిల్ల, కొడిమ్యాల, ధర్మపురి నుంచి జనం దిగిండ్రు. ఆట నడిపిచ్చేందుకు వచ్చినాయన మూతి మీద వేలు పెట్టి "ష్" అనుడు తప్ప వేరే మాట మాట్లాడడు. నేను ఆయనకు ష్ సార్ అని పేరు పెట్టిన. ఆయన మొదట నిలబడి నియమాలు చెప్పిండు. "ఒకసారి పావును ముట్టుకుంటే దాన్నే ఆడాలె." ఇన్నాళ్ల సంది ముట్టద్దు ముట్టద్దని గొంతు చించుకుంటున్న హాలుల ముట్టుకుంటే ఆడాలెనట! ఇగ పొద్దంత నా బాధ దేవునికే ఎరుక. ఎక్కడ చూసినా చేతులే. నల్ల గుర్రం మీదికి ఒక చెయ్యి, తెల్ల ఏనుగు మీదికి ఒక చెయ్యి. చెయ్యి లేచినప్పుడల్లా నా గొంతుల మాట లేస్తది, కొంగు నోట్లె కుక్కుకుంట. మింగి మింగి పొద్దుగూకేటాళ్లకు కడుపు ఉబ్బినట్టయింది.

ఆఖరి ఆట బల్ల నా కుర్చీకి దగ్గరనే వేసిండ్రు, అక్కడ వెలుతురు మంచిగుంటదని. ఒక దిక్కు సిరిసిల్ల నుంచి వచ్చిన రెండు జడల పిల్ల. తల్లి సాంచల కాడ, అంటే కరెంటు మగ్గాల కాడ, కండెలు చుడుతదట, ఆ పూట పని ఇడిసిపెట్టి వచ్చి తలుపు కాడ నిలబడ్డది. ఇంకో దిక్కు కోరుట్లల గడియారాలు బాగు చేసే చాచా, తెల్ల గడ్డం, చేతుల చాయ గ్లాసు. హాలంత వాళ్ల చుట్టే. పిల్ల చానా సేపు ఆలోచించి చెయ్యి సాపింది. ఆ చిన్న చెయ్యి, గా వేళ్లు, నా కండ్ల ముందట నుంచే పోతున్నయి. కొంగు ఎప్పుడు జారిందో నాకే తెలువది.

"ముట్టకు బిడ్డా!"

పావును ముట్టకముందే పిల్ల నిప్పు తగిలినట్టు చెయ్యి గుంజుకున్నది. చాచా గ్లాసు కింద పెట్టిండు. చుట్టూ ఉన్నోళ్లందరు చేతులు వెనకకు కట్టుకున్నరు. కళ్లద్దాల సార్ తన కళ్లద్దాల మీద నుంచి చెయ్యి తీసిండు. పిల్ల మళ్ల బల్ల దిక్కు చూసింది, కండ్లు పెద్దవైనయి, అసలు వేరే పావు తీసి వేరే కాడ పెట్టింది. (చాచా గుర్రాన్ని ఎర వేసిండట, పిల్ల మంత్రిని పోగొట్టుకునేదట. నాకు ఆ సంగతి తర్వాత చెప్పిండ్రు.)

ష్ సార్ లేచిండు. "బయట నుంచి చెప్పి ఆడిపిస్తున్నరు! ఈ పిల్ల ఓడినట్టే!"

పిల్ల కండ్ల నిండ నీళ్లు. తలుపు కాడ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. అప్పుడే బయట ఆఫీసర్ జీపు ఆగిన సప్పుడు.

"అయ్యో సార్, నేను చెప్పుడేంది? నాకు దాంట్ల గుర్రమేదో ఎడ్లేవో తెలువయి!"

"ఐతే మంత్రి ఏదో చూపియ్యి."

నేను కిందికి వంగి మంచిగ చూసిన. అన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి. "గీ టోపీ పెట్టుకున్నాయన" అని ఒక బంటును చూపిచ్చిన.

"ఇప్పుడు ఏ పావు ఆడాలెనో చెప్పు."

"నన్నడిగితే అన్నీ డబ్బల పెట్టి తాళం వేసుడే మంచిది సార్. గిట్ల బయట పెడితే పోతయి."

నవ్వులు మొదలైనయి. ష్ సార్ ముఖం ఎర్రగ చేసుకొని నా వెనక గోడ చూపిచ్చిండు. "పోనీ, గా బోర్డు మీద ఏం రాసున్నదో అదన్న చూడలేదా?"

"అరె, నేను చెప్పింది గదే గద సార్! రోజూ గదే చెప్తున్న!"

ఇగ హాలు కూలినంత పనైంది. నవ్వి నవ్వి ఒకాయన మగ్గాన్ని పట్టుకున్నడు, నేను అప్పుడు కూడా ఒర్రిన. ష్ సార్ మాటకు జవాబు చెప్పి గెలిచిన అనుకొని నడుము మీద చెయ్యి పెట్టుకొని నిలబడ్డ.

చాచా లేచి, "అరె సాబ్, జర ఆగుండ్రి. పోయిన రంజాన్‌కు మా మనుమణ్ణి తీసుకొస్తే ఈయమ్మ నా మీద గూడ గిట్లనే ఒర్రింది. దస్తీ కోసం నా జేబుల నేను చెయ్యి పెట్టుకుంటే గూడ ఒర్రింది. ఈమెకు చదరంగం కనవడది, చెయ్యి కనవడ్తది, అంతే. ఆడనియ్యుండ్రి" అన్నడు.

గెలిచే ఆటను పట్టుకున్నాయనే ఆ మాట అంటే ష్ సార్ ఏం చేస్తడు? మూతి మీద వేలు పెట్టుకొని కూసున్నడు. ఆట నడిచింది. పిల్ల గెలిచింది. చాచా లేచి పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి, నా దిక్కు తిరిగి, "వచ్చే ఏడు నాకు ఈ కుర్చీకి దూరం బల్ల వేయిస్తెనే వస్త" అన్నడు.

అప్పటికే లోపలికొచ్చిన ఆఫీసర్ హాలంత తిరిగి చూసిండు. పిల్ల తల్లి మగ్గం ముందట నిలబడి పక్కామెతోటి ముచ్చట పెడుతున్నది, పిల్లలు పాత పైసల కాడ గుంపయినరు. ఆయన మెల్లగ వచ్చి మగ్గం మీదికి చెయ్యి సాపిండు. నేను రెండు చేతులతో నోరు మూసుకున్న. అయినా మాట వచ్చింది. పిల్లలు, చాచా, అందరు కలిసి ఒక్కసారే, "ముట్టకుండ్రి సార్!" అన్నరు. ఆఫీసర్ చెయ్యి గాల్లనే ఆగింది. తర్వాత ఆయన కూడా నవ్విండు. "ఇంత మంది కావలి ఉన్నదాన్ని గోదాం ఎట్ల చేస్తం?" అన్నడు. కళ్లద్దాల సార్ ఆ రోజు అన్నం డబ్బ తెరిచి నాకు కూడా ఇంత పెట్టిండు.

ఆ తర్వాత చానా ఏండ్లకు, నెత్తిల తెల్ల వెంట్రుకలు వచ్చినంక, మా మహిళా సంఘంల సాయంత్రం బడి పెడితే పోయి అక్షరాలు నేర్చుకున్న. వత్తులు కూడా వచ్చినంక ఒకనాడు అందరికంటే ముందుగాల వచ్చి, కుర్చీని వెనకకు తిప్పి, నా బోర్డు ముందట కూసున్న. నాకు తెలిసిన మాటనే గద, ఇట్టే చదువుత అనుకున్న. ని... శ... శ కింద ఇంకో శ... వేలు పెట్టుకుంట పోయిన. "నిశ్శబ్దముగా ఉండవలెను."

రెండోసారి చదివిన. అదే ఉన్నది. ఇన్నేండ్లు ఆ బోర్డు కిందనే కూసొని, దాన్నే చూపిచ్చుకుంట, హాలు దద్దరిల్లేటట్టు ఒర్రినన్న మాట. మూతి బిగబట్టుకొని పోయినోళ్లు అందరు ఒక్కొక్కలే యాదికొచ్చిండ్రు. ష్ సార్ ఎర్ర ముఖం యాదికొచ్చింది. ఒక్కదాన్నే ఆ ఖాళీ హాలుల నవ్విన నవ్వుకు ముక్కులు విరిగిన విగ్రహాలు కూడా నవ్వుతయేమో అనిపించింది.

"ముందే ఎందుకు చెప్పలేదు సార్?" అని అడిగితే కళ్లద్దాల సార్ నెత్తి తడుముకొని, "చెప్తే నువ్వు మానేస్తవు గద. ముట్టరాదని బోర్డు మేం రాయించనే లేదు. నువ్వున్నవని" అన్నడు.

ఇప్పుడు ఏటేటా మా హాలుల పోటీ అయితది. రెండు జడల పిల్లకు ఇప్పుడు జడలు లేవు, టీచరమ్మ అయి సిరిసిల్ల పిల్లలను తీసుకొని వస్తది. నేనే మారిన. చదువు వచ్చినంక నా గొంతు సన్నబడ్డది. ఎవ్వలన్న చెయ్యి సాపితే లేచి పోయి మెల్లగ చెవుల చెప్తున్న. వెనక ఆ బోర్డు ఉన్నదని తెలిసినంక నోరు లేస్తలేదు. కని పోటీ నాడు, మొదటి ఆటకు ముందు టీచరమ్మ వచ్చి, "అమ్మా, ఒక్కసారి పాత లెక్క!" అంటది. నేను లేచి బోర్డుకు వీపు పెట్టి నిలబడి, అక్షరం రాని ఆ మనిషిని, వంకర కాలు కుర్చీల రాణి లెక్క కూసున్న ఆ మనిషిని, ఒక్క నిమిషం పిలుచుకుంట.

"ముట్టకుండ్రి బిడ్డా!"

పిల్లలందరి చేతులు పైకి లేస్తయి. అప్పుడు ఆట మొదలైతది.