కొన్న రేటు పెద్దసారు

మదనపల్లె కాలేజీలో నాతోపాటు కామర్సు పాఠాలు చెప్పిన పెద్దసారు పోయిన ఆదివారం కన్నుమూశారు. కబురు విన్నవాళ్లకు ఏడుపు వచ్చి ఉంటుంది. నాకు మాత్రం, వీధి పట్టనంత జనం వస్తారు కదా అని ముందు కుళ్లు పుట్టింది. ఆయనంటే నాకు ఎంత గౌరవమో అంత అసూయ.

డెబ్భైలలో నేను ఉద్యోగంలో చేరాను. ధరలు మండిపోతున్న కాలం. ఎప్పుడో కొన్న ధరనే ఇంకా లెక్కల్లో చూపించడం కళ్లు మూసుకోవడమేననీ, నేటి విలువే రాయాలనీ నా వాదన. పెద్దసారు కొన్న రేటు మనిషి. నేను ధరల సూచీలతో బోర్డు నింపుతుంటే పిల్లలు ఆవులించేవాళ్లు. పక్క గదిలో ఆయన ఒక్క పుంగనూరు ఆవుతో పాఠం నడిపించేవారు.

"పోయినేడు సంతలో కొన్న ఆవుకు ఇప్పుడు రేటు పెరిగిండాది. లెక్కలో ఏం రాస్తావప్పా?"

"ఇప్పటి రేటు సార్."

"అమ్మినావా?"

"లేదు సార్."

"మరి ఆ రేటు నీకెవురిచ్చినారు? నోటిమాటను లెక్కలో రాసుకుంటే, రేపు రేటు పడిపోయినప్పుడు మొగం యాడ పెట్టుకుంటావు?"

క్లాసు గొల్లుమనేది. గోడకు ఇవతల నా చేతిలో చాక్‌పీసు విరిగేది.

మనుషుల విషయంలోనూ ఆయనది మొదటి రేటే. నా తల నెరిసినా "కొత్తసారూ" అనే పిలిచేవారు.

ఒకసారి నాకు కామెర్లు వచ్చి మంచం పట్టాను. నా క్లాసులు ఆయనే తీసుకున్నారు. ఇంకేం, నా వాదనకు నీళ్లు వదులుతారనుకున్నాను. "మీ సారు చెప్పేదాంట్లో న్యాయముండాది, సూడండప్పా. పాత మిషను అరిగిపోతే, ఆ పాత రేటుకే కొత్తది ఎవురిస్తారు?" అని నా తరఫునే చెప్పారట. నేను తిరిగి వెళ్లిన రోజు ఒక పిల్లవాడు, "మీరు చెప్పింది ఇప్పుడు అర్థమైంది సార్" అన్నాడు. పెద్దసారు నా పాఠం చెడగొట్టి ఉన్నా బాగుండేదనిపించింది. థాంక్స్ చెబితే ఆయన నవ్వారు.

"మీ ఆవును నాలుగు దినాలు పితికినాను, అంతే. ఆవు మీదే కొత్తసారూ."

అదీ ఓర్చుకున్నాను. మా వాడి సంగతే ఓర్చుకోలేకపోయాను. నా ఒక్కగానొక్క కొడుకు బీకాంలో చేరి, నా సెక్షన్ వదిలి ఆయన సెక్షన్‌లో కూర్చున్నాడు. ఒకరోజు అన్నాల దగ్గర నేను మురిసిపోతూ, "కుప్పంలో మన స్థలం కొన్నదానికి పదింతలు పలుకుతాండాది" అన్నాను.

వాడు ముద్ద మింగి, "అమ్మినావా నాయనా?" అన్నాడు.

అదే మాట, అదే విరుపు. వాళ్లమ్మ పకపకా నవ్వింది. నా ఇంట్లో, నా కంచం ముందు, నా కొడుకు నోట ఆయన గొంతు! ఆ పూట నాకు అన్నం సహించలేదు.

వాడిప్పుడు కుప్పంలో ఉద్యోగం చేస్తున్నాడు. కబురు అందగానే బస్సెక్కి వచ్చాడు. ఇంటికి రాలేదు, నేరుగా పెద్దసారు ఇంటికే వెళ్లాడు. నేను వెళ్లేసరికి గుమ్మం పక్కన చెప్పులు విడిచి, పాడెకు భుజం పట్టి ఉన్నాడు. చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. నేను పోయిననాడు వీడు ఇంతగా ఏడుస్తాడా? నాకు తోచింది అదొక్కటే. దగ్గరికి వెళ్లి వీపు మీద చెయ్యి వేశాను.

"నీడలో నిలబడు నాయనా, ఎండ జాస్తిగా ఉండాది" అని, నావైపు చూడకుండానే కదిలాడు.

పాడె వెనక ఆయన దగ్గర చదువుకున్న పిల్లలంతా నడిచారు. తారు రోడ్డు కాలిపోతోంది. మా వాడి చెప్పులు చేత్తో పట్టుకుని నేనూ వాళ్ల వెనకే నడిచాను.