ఆ బండ ఎక్కమన్నదెవరు

వెనక నడిచి వెళ్లే దారి ఉండగా, టైం కలిసొస్తుందని లైట్‌మ్యాన్ అయిన మా తమ్ముణ్ణి, భుజాన లైటుతో నిటారు బండ ఎక్కించారు. జారిపడి చచ్చిపోయాడు. ఎనభైల్లో, జూబ్లీహిల్స్ షూటింగులో. అటు ఎక్కమన్నదెవరని ఏళ్ల తరబడి సినిమా ఆఫీసుల చుట్టూ తిరిగి అడిగాను. కాలు జారిందన్నారే గాని, అడిగినదానికి జవాబివ్వలేదు.

తొంభైల్లో ఒకనాడు ఫిల్మ్ నగర్ బస్సులో పక్కసీటాయన ఒడిలో తాడుచుట్ట చూశాను. కొండల మీద షూటింగులకు తాళ్లు కట్టే పనట. ఆయన్నీ అడిగాను.

"ఏ దారిన ఎక్కాలో చెప్పేది ఎవరయ్యా?"

ఆయన తాడుచుట్ట సర్దుకుంటూ అన్నాడు:

"మునుపు డైరెక్టర్ ఏడ చూపిస్తే ఆడ ఎక్కేది అన్నా. ఇప్పుడు బరువు మోసేటోడు సరే అంటేనే ఎక్కుతం. నిన్న ఒక బండ కాడ మా లైట్‌మ్యాన్ ఒకాయన ఎక్కుడు వద్దన్నడు. హీరోను గూడ ఎనక దారి నుంచే నడిపించినం."