పక్కింట్లో గ్యాస్ అయిపోయిన రోజులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో రెండు నెలల పాటు పొయ్యి వెలగలేదు. లేమి వల్ల కాదు. కాకినాడ నుంచి సముద్రం దాటి ఈ పరాయి దేశం వచ్చిన నాన్నకి తువాస్‌లో ఓడలు బాగుచేసే యార్డులో మంచి ఉద్యోగమే ఉండేది. అమ్మ పోయింది, అంతే.

టాంపినీస్‌లో అప్పుడప్పుడే లేచిన బ్లాకుల్లో ఒకదాని ఆరో అంతస్తు మాది. లిఫ్టు ఐదో అంతస్తు దాకానే. అక్కణ్ణుంచి మెట్లెక్కి రావాలి. అమ్మ జ్వరమని ఆసుపత్రికి వెళ్ళింది, ఐదో రోజున ఇక లేదన్నారు. నాకు పదేళ్ళు. మైల రోజుల్లో ఇంట్లో పొయ్యి ముట్టించకూడదని నాన్నకి తెలుసు. మళ్ళీ ఎప్పుడు ముట్టించాలో, ఎవరు ముట్టించాలో మాత్రం తెలియదు. మా కాకినాడ వైపైతే పదకొండో రోజు దాటాక ఏ పెద్దమ్మో వచ్చి, ఇక చాల్లే లేవండని కసిరి, పాలు పొంగించి పోయేది. ఇక్కడ మమ్మల్ని కసిరేవాళ్ళు లేరు. పదకొండు రోజులూ దాటాయి, నెలా దాటింది, అమ్మ చివరిసారి కడిగి బోర్లించిన గిన్నె పొయ్యి పక్కన అలాగే ఉండిపోయింది.

నాన్న తెల్లారకముందే లారీ ఎక్కి యార్డుకి వెళ్ళేవాడు, చీకటిపడ్డాక హాకర్ సెంటర్లో తిండి దుకాణాల నుంచి భోజనం పొట్లాలు తెచ్చేవాడు. నాది నేను విప్పి, కాసేపు చూసి, నాన్న స్నానానికి వెళ్ళగానే వంటింట్లో చెత్త వేసే గొట్టంలో జారవిడిచేదాన్ని. అది ఆరంతస్తులూ జారి కింద పడిన చప్పుడు వినేదాన్ని. ఆకలి వేసేది కాదు. ఏడుపు కూడా రాలేదు. చూసినవాళ్ళు ఎంత ధైర్యమో పిల్లకి అన్నారు. ధైర్యమూ లేదు, పాడూ లేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు గిల్లుకుంటే ఎవరి కాలినో గిల్లినట్టుంటుంది చూడండి, నాకు ఒళ్ళంతా అలా ఉండేది.

బడిలో బరువు చూసి నాన్నకి చీటీ పంపారు. ఆ రాత్రి నాన్న నన్ను కూర్చోబెట్టి, కాకినాడలో అత్త దగ్గరైతే వేళకి తింటానని, నన్ను అక్కడే చదువుకోడానికి పంపేస్తున్నట్టు ఉత్తరం రాస్తానని చెప్పాడు. నేను సరే అన్నాను. నాకు వెళ్ళాలనీ లేదు, ఉండాలనీ లేదు. అమ్మ వెనకే నాన్నని కూడా పోగొట్టుకోబోతున్నానని తట్టనైనా తట్టలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా నన్ను భయపెట్టేది ఆ సరే అన్న మాటే.

మా పక్కింటి అంకుల్ హైదరాబాద్ నుంచి వచ్చిన ముస్లిం. వయసులో ఉన్నప్పుడు ఓడల మీద వంటవాడు. ఒకసారి దక్షిణాన, సముద్రమే గడ్డకట్టుకుపోయే చోట, ఒక శిబిరంలో శీతాకాలమంతా ఉండి వండిపెట్టి వచ్చాడు. మేము ఎరిగేనాటికి పాయా లేబర్‌లో ఒక క్యాంటీన్లో పనిచేస్తూ మూడింటికల్లా ఇల్లు చేరేవాడు. నాన్న ఉత్తరం సంగతి ఆయనకి చెప్పి ఉంటాడు. మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి టీ గిన్నె, పాలడబ్బా పట్టుకుని మా గ్రిల్ తలుపు ముందు నిలబడి ఉన్నాడు.

"బేటా, మా ఇంట్ల గ్యాస్ ఖతమైంది. మీ పొయ్యి మీద జర చాయ్ పెట్టుకుంటా."

కాదనడానికి కూడా ఓపిక కావాలి కదా, నాకది లేదు. తలుపు తీశాను. ఆయన దాన్ని బార్లా తీసిపెట్టి వంటింట్లోకి వెళ్ళి, అగ్గిపుల్ల గీసి నా చేతికిచ్చాడు. ఇది మీ పొయ్యి, నువ్వే ముట్టించాలె అన్నాడు. ముట్టించాను. టీ మరిగేదాకా ఊరుకోలేక కాబోలు, సీళ్ళ సంగతి చెప్పడం మొదలుపెట్టాడు.

సీల్ అంటే చేప కాదట. సముద్రంలో ఉంటుంది గానీ మనలాగే ఊపిరి పీల్చాలి. చలికాలంలో అక్కడ సూర్యుడు నెలల తరబడి ముఖం చూపించడు. సముద్రం మీద మనిషి ఎత్తు మంచు పేరుకుంటుంది. తిండి ఉన్నది ఆ మంచు కింద, గాలి ఉన్నది మంచు పైన. అందుకని సీల్ మంచులో ఒక కన్నం పెట్టుకుంటుంది. కిందికి మునిగి చేపని పట్టి మళ్ళీ ఆ కన్నం దగ్గరికే వచ్చి ఊపిరి తీసుకుంటుంది. ఆ కన్నం ఊరికే ఉండదు, చలికి మూసుకుపోతూనే ఉంటుంది. సీల్ దాన్ని పళ్ళతో కొరికి కొరికి తెరిచి ఉంచుకోవాలి. మానేసిందంటే కింద ఎంత తిండి ఉన్నా దానికి దక్కదు.

అంత చెప్పి, టీ వడపోసుకుని, ఒక గ్లాసు నా ముందు పెట్టి వెళ్ళిపోయాడు. నేను తాగలేదు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ. వాళ్ళింటి గ్యాస్ వాడు ఎంతకీ రాడేమిటో! పైగా ఏ పూటకాపూట వాళ్ళింట్లోంచి ఉల్లిపాయలు వేగిన వాసన మా కారిడార్ అంతా కమ్ముకునేది. అబద్ధమైనా కాస్త అతికేలా ఆడొచ్చు కదా అని ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పుడు నాకు అదీ పట్టలేదు. రోజూ నాలుగింటికి అగ్గిపుల్ల నా చేతికొచ్చేది, నేను ముట్టించేదాన్ని, సీల్ ఇంకొంచెం ముందుకెళ్ళేది.

వారం గడిచాక అనుకుంటాను, నా నోటి నుంచి ఒక ప్రశ్న వచ్చింది. అలా కొరికితే దానికి పళ్ళు నొప్పి పుట్టవా అని అడిగాను. అమ్మ పోయాక నా అంతట నేను మాట్లాడిన మొదటి మాట అదే. అంకుల్ పొయ్యి మంట తగ్గించి, నా వైపు తిరిగి కూర్చున్నాడు.

"పుడతయి బేటా. అరిగి కూడా పోతయి. అయినా కొరకాలె."

మరి చీకట్లో చేప ఎలా కనపడుతుందన్నాను. కనపడదట. సీల్‌కి మూతి దగ్గర మీసాలుంటాయి. చేప ఈదుకుంటూ పోతే నీళ్ళలో చిన్న కదలిక మిగులుతుంది. చేప వెళ్ళిపోయాక కూడా ఆ జాడ కాసేపు ఉంటుంది. మీసాలకి అది తగిలితే చాలు, దాని వెంటే వెళ్ళి పట్టేస్తుంది. రెండు కళ్ళూ పోయిన సీల్‌ని ఒకదాన్ని అంకుల్ చూశాడట. బక్కచిక్కి ఉంటుందనుకుంటే పీపాలా ఉందట. ఆ రోజు సగం గ్లాసు టీ తాగాను. రుచి తెలియలేదు, వేడి మాత్రం తెలిసింది.

తర్వాత ఒక రోజు నాలుగైంది, అంకుల్ రాలేదు. బయట ఆకాశం నల్లబడి ఉరుములతో వాన పట్టుకుంది. ఇంట్లో చీకటైపోయింది. కరెంటు కూడా కాసేపు పోయింది. ఒక్కదాన్నే వంటింట్లో నిలబడ్డాను. ఈ పూట ముట్టించకపోతే కన్నం మూసుకుపోతుందేమో అని భయం వేసింది. అన్నాళ్ళకి నాకు వేసిన మొదటి భయం అది. అగ్గిపెట్టె పొయ్యి పక్కన దొరికింది గానీ టీపొడి మాకు లేదు, అంకుల్ రోజూ తనే తెచ్చేవాడు. స్టూలెక్కి పై అరలో తడమడం మొదలుపెట్టాను. చింతపండు సీసా తగిలింది, ఉప్పు తగిలింది. బాగా లోపలికి చెయ్యి పెడితే మూత బిగుసుకుపోయిన చిన్న డబ్బా ఒకటి తగిలింది. తీసి చూడకముందే ముక్కుకి తెలిసిపోయింది. అమ్మ కొట్టిపెట్టుకున్న చారుపొడి.

కొలతలేమీ తెలియవు. అమ్మ బోర్లించిన గిన్నె తిప్పి నీళ్ళు పోశాను. చింతపండు పిసికాను, ఉప్పు వేశాను, అమ్మ వేసినట్టే రెండు చెంచాల పొడి వేసి పొయ్యి ముట్టించాను. మరిగేకొద్దీ ఇల్లంతా వాసన నిండింది. ఆ వాసనకి నాకు కడుపులో మంటలా లేచింది. అది ఆకలి అని గుర్తుపట్టడానికి కూడా కాస్త సమయం పట్టింది.

నాన్న ఆ రోజు తడిసి ముద్దై వచ్చాడు. లిఫ్టు దిగి మెట్లెక్కుతున్న చెప్పుల చప్పుడు వినిపించింది, మధ్యలో ఆగిపోయింది. ఎంతసేపటికీ రాలేదు. వెళ్ళి చూస్తే సగం మెట్ల మీద గోడకి చెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. వాసన తగలగానే అమ్మ ఇంట్లో ఉందనుకున్నానని చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం లోపలికి వచ్చి కంచాలు పెట్టాడు. తెచ్చిన పొట్లంలో అన్నం నా కంచంలో సగం, తన కంచంలో సగం పెట్టాడు. చారు పోసుకున్నాం. ఉప్పు ఎక్కువైంది. నేను మొత్తం తిన్నాను. నాన్న తింటూ తింటూ ఏడ్చాడు, ఆయన్ని చూసి నాకూ ఏడుపొచ్చింది. అలా ఏడుస్తూనే ఇంకోసారి పోసుకున్నాం. చెయ్యి కడుక్కున్నాక నాన్న చొక్కా జేబులోంచి అత్తకి రాసిన ఉత్తరం తీశాడు. వానకి పోస్టు చేయలేకపోయాడు, అక్షరాలన్నీ కలిసిపోయాయి. దాన్ని చెత్త గొట్టంలో వేసి మూత పెట్టేశాడు.

మిగిలిన చారు గిన్నెతో అంకుల్ వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన పొయ్యి మీద ఖిచిడీ కుతకుతా ఉడుకుతోంది. గ్యాస్ వాడు ఇప్పుడే వచ్చి పోయిండు బేటా అన్నాడు, ముఖంలో ఏ మార్పూ లేకుండా. పక్కనే ఉన్న ఆయన భార్య, మా ఆంటీ, నవ్వు దాచుకోలేక లోపలికి పోయింది.

చారుపొడి నెల రోజుల్లో అయిపోయింది. తర్వాత నేనే కొట్టడం నేర్చుకున్నాను, ఇప్పటికీ అమ్మ పొడి రుచి రాదు. నాన్న పోయినప్పుడు, మా ఆయన పోయినప్పుడు కూడా అదే మొద్దుతనం వచ్చి కూర్చుంది. అప్పుడూ నాలుగింటికి పొయ్యి ముట్టించాను. తినాలనిపించిందా అంటే లేదు. కన్నం మూసుకోకుండా చూసుకున్నాను, అంతే.

కిందటేడు అంకుల్ పోయాడు. ఆంటీ అంతకుముందే పోయింది. మేము అక్కణ్ణుంచి మారాక వాళ్ళకి పుట్టిన కూతురు ఆ ఇంట్లో ఒక్కతే మిగిలింది. ఆఫీసు మానేసి తలుపేసుకుని కూర్చుందని, ఎవరేం పంపినా ముట్టడం లేదని తెలిసింది. నాలుగింటికి టీ గిన్నె, పాలడబ్బా పట్టుకుని వెళ్ళి, మా ఇంట్లో గ్యాస్ అయిపోయిందమ్మా అన్నాను.

గ్రిల్ లోపలి నుంచి ఖాళీ కళ్ళతో చూసింది. "ఆంటీ, మీది పైప్ గ్యాస్ కదా లా. హౌ కెన్ ఫినిష్?"

నేను కదల్లేదు. ఆ పిల్ల నా చేతిలో గిన్నె వంక చాలాసేపు చూసింది. తర్వాత తాళం తీసింది. నేను వంటింట్లోకి వెళ్ళి, అగ్గిపుల్ల గీసి తన చేతికిచ్చాను.